కప్పు మీద సిపాయి ఎవరు?

పింగాణి కప్పు మీద ఫొటో వేయించుకోవడం ఇప్పుడు పెద్ద పనేం కాదు. రాజమండ్రిలోనో, కాకినాడలోనో, భీమవరంలోనో ఏదో ఒక స్టూడియోకి వెళ్లి ఫోనులో బొమ్మ చూపిస్తే, మీరు పక్క కొట్లో టీ తాగి వచ్చేలోపు వేడి తగ్గని కప్పు చేతిలో పెడతారు. పుట్టినరోజులకీ పెళ్లిరోజులకీ ఇచ్చే కప్పుల సంగతి ఇక్కడ అనవసరం. ఈ అధ్యాయం మరో రకం గురించి: యుద్ధకాలపు సిపాయిల పాత ఫొటో వేసిన కప్పు. అది ముత్తాతగారి పటాలం గ్రూపు ఫొటో కావచ్చు, 1971 నాటి ఢాకాది కావచ్చు, కార్గిల్ కొండ మీద నిలబడ్డ జవాన్లది కావచ్చు. అలాంటిది తెచ్చుకునేవాళ్ల ఉద్దేశం మంచిదే. పొద్దున్నే కాఫీ తాగుతుంటే ఆ మనుషులు పడ్డ కష్టం గుర్తుకు రావాలి, మన బద్ధకం మనకే సిగ్గనిపించాలి. ఆ కోరికను నేను తప్పుపట్టను. కానీ కప్పు ఒక్కటే ఆ పని చేయదు, పైగా ఒక్కోసారి దానికి అడ్డం పడుతుంది. ఫొటోలో ఉన్నదెవరో కనుక్కుని, నాలుగు వాక్యాలు కాగితం మీద పెట్టాక కప్పు వేయించండి. ముందు కప్పు వేయించేసి వివరాలు తర్వాత చూసుకుందాం అనుకుంటే ఆ తర్వాత అనేది రాదు. ఎందుకు రాదో చెప్పడానికి నా దగ్గర కొన్ని ఆధారాలున్నాయి.

ముందు మన ఇళ్ల సంగతి. గోదావరి జిల్లాలంటే వరి చేలు, కొబ్బరి తోటలు, పులసలు, పూతరేకులు అని చెప్పుకుపోతాం గానీ సిపాయిల మాట ఎత్తం. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని జనం మిలటరీ మాధవరం అంటారు. రెండు ప్రపంచ యుద్ధాలకూ ఆ ఊరి మనుషులు వెళ్లారు, ఆ తర్వాతి తరాలవాళ్లూ సైన్యంలో చేరుతూనే ఉన్నారు. ఊళ్లో యుద్ధ స్మారకం కూడా ఉంది. పోనీ యుద్ధం ఎక్కడో దూరాన జరిగిందని సరిపెట్టుకుందామా అంటే అదీ కుదరదు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నంతో పాటు కాకినాడ మీదా బాంబులు వేశాయి. కాకినాడ నుంచి స్టీమరెక్కి రంగూన్ వెళ్లి పొట్టపోసుకున్న మనవాళ్లలో ఎందరో అదే ఏడాది బర్మా చేజారిపోతుంటే కొండలూ అడవులూ పట్టి నడిచొచ్చారు, దారిలోనే పోయినవాళ్లు పోయారు. ఇంత జరిగిన నేలలో ఏ ట్రంకుపెట్టె అడుగునో ఒక పాత ఫొటో ఉండటం వింత కాదు. నిక్కరు, పిక్కలకు పట్టీలు, నడుముకి వెడల్పాటి బెల్టు, కెమెరా వైపు బిగదీసుకున్న చూపు. ఎవరని అడిగితే, 'మా ముత్తాత, మిలటరీలో చేశాడు' అని ఒక్క ముక్క వస్తుంది. ఏ పటాలం, ఏ దేశం, ఏ సంవత్సరం అని అడిగితే మాట పెగలదు. ఆ కాస్తా తెలిసిన నాయనమ్మ కూడా దాటిపోతే ఇక ఫొటో ఒక్కటే మిగులుతుంది.

రోజూ కళ్లెదుట ఉంటే అదే గుర్తుంటుందిలే అని అందరూ అనుకుంటారు. నిజానికి రోజూ కళ్లెదుట ఉన్నదాన్నే మనం చూడటం మానేస్తాం. జేబులో చెయ్యి పెట్టకుండా చెప్పండి: గోధుమరంగు పది రూపాయల కొత్త నోటు వెనక ఏ బొమ్మ ఉంది? కోణార్క సూర్యదేవాలయపు చక్రం. చిల్లర కోసం ఆ నోటుని ఎన్నిసార్లు లెక్కపెట్టుంటారో చూసుకోండి. 1979లో నికర్సన్, ఆడమ్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలో ఇలాంటి పరీక్షే పెట్టారు. ఒక సెంటు నాణేన్ని చిన్న చిన్న తేడాలతో రకరకాలుగా గీసి చూపించి అసలుది ఏదో చెప్పమన్నారు. పుట్టినప్పటి నుంచి చేతిలో తిరుగుతున్న నాణేన్ని చాలామంది పోల్చుకోలేకపోయారు. 2014లో లిండా హెంకెల్ అచ్చువేసిన పరిశోధన దీనికి ఇంకో మెలిక పెట్టింది. మ్యూజియంలో వస్తువుల్ని ఫొటో తీసుకుంటూ వెళ్లినవాళ్లకి, ఊరికే చూసిన వస్తువుల కంటే ఫొటో తీసిన వస్తువులే తక్కువ గుర్తున్నాయట. కెమెరా చూసుకుంటుందిలే అని బుద్ధి తన పని మానేసిందన్నమాట. అయితే వస్తువులో ఒక భాగాన్ని దగ్గరికి లాక్కుని, అంటే జూమ్ చేసి తీసినప్పుడు ఆ నష్టం జరగలేదు. ఈ రెండో ముక్కే మనకు ముఖ్యం, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

మరిచిపోవడం ఒక ఇబ్బంది. అంతకంటే లోతుగా పనిచేసేది ఇంకోటుంది. బ్రిటన్, కెనడా లాంటి దేశాల్లో నవంబరు వచ్చేసరికి యుద్ధంలో పోయినవాళ్ల పేరున ఎర్రటి గసగసాల పువ్వు గుర్తును కోటుకి పెట్టుకుంటారు. కెనడాలో క్రిస్టాఫర్సన్, వైట్, పెలోజా అనే ముగ్గురు పరిశోధకులు ఆ పువ్వుతోనే జనాన్ని పరీక్షించి 2014లో ఫలితాలు ప్రచురించారు. కొందరికి పువ్వును నలుగురికీ కనబడేలా పెట్టించారు, కొందరికి కవరులో పెట్టి చేతికిచ్చారు. కాసేపటికి మాజీ సైనికుల కోసం చందా అడిగితే, కవరు తీసుకున్నవాళ్ల చెయ్యే ఎక్కువ ముందుకొచ్చింది. బయటికి కనబడేలా పువ్వు పెట్టుకున్నవాళ్లకి, మనం మంచివాళ్లమే అన్న తృప్తి అప్పటికే అందిపోయింది. అది అందాక డబ్బు తీయాల్సిన అవసరం తోచలేదు. కప్పుకీ ఈ గుణం ఉంది. ఆఫీసు టేబుల్ మీద పెట్టుకుంటే పక్కవాళ్లు చూస్తారు, ఒకరిద్దరు బావుందంటారు, మన దేశభక్తి అక్కడికి తీరిపోతుంది. ఏటా డిసెంబరు 7న జరిగే సాయుధ దళాల పతాక దినోత్సవానికి వంద రూపాయలు వేద్దామన్న ఆలోచన ఆ కప్పు ముందే కూర్చున్నా రాకపోవచ్చు. వ్యక్తిత్వం గురించి రాసే పుస్తకంలో కప్పు గోల ఎందుకని మీకు అనిపిస్తుంటే, జవాబు ఇక్కడుంది. చేయాల్సిన పని బదులు దాని గుర్తును దగ్గర పెట్టుకుని ఊరుకోవడం మనలో చాలామందికి ఉన్న జబ్బు. డైరీ కొనేసి రాయకపోవడం, పుస్తకం కొనేసి చదవకపోవడం, అన్నీ దాని కొమ్మలే.

ప్రపంచంలో బహుశా అన్నిటికంటే ఎక్కువసార్లు అచ్చయిన సిపాయిల ఫొటో కథ వింటే నా వాదన మీకు ఇంకా తేటపడుతుంది. 1945 ఫిబ్రవరి 23న జపానుకు చెందిన ఇవో జిమా ద్వీపంలో, సురిబాచి కొండ మీద ఆరుగురు అమెరికన్ సైనికులు జెండా కర్ర ఎత్తుతుండగా అసోసియేటెడ్ ప్రెస్ ఫొటోగ్రాఫర్ జో రోజెంతాల్ తీసిన బొమ్మ అది. ఆ ఏడాదే తపాలా బిళ్ల మీదికెక్కింది. 1954లో ఆర్లింగ్టన్‌లో దాన్ని కంచులో పోతపోశారు. ఇక కప్పులకీ చొక్కాలకీ లెక్కలేదు. ఇంతచేసీ, అందులో ఉన్న ఆరుగురు ఎవరన్నది డెబ్బై ఏళ్లపాటు తప్పుగా చెప్పుకున్నారు. 2014లో ఎరిక్ క్రెల్, స్టీఫెన్ ఫోలీ అనే ఇద్దరు, ఇద్దరూ చరిత్ర మీద సరదా ఉన్న మామూలు మనుషులు, అదే రోజు తీసిన ఇతర ఫొటోలన్నీ పక్కపక్కన పెట్టి చూశారు. జాన్ బ్రాడ్లీ అనుకుంటున్న మనిషి ప్యాంటు అంచు మడత లేదు, మిగతా ఫొటోల్లో బ్రాడ్లీది మడత పెట్టి ఉంది. నడుముకి తూటాల బెల్టుంది. బ్రాడ్లీ వైద్యసేవకుడు, ఆయనకు ఆ బెల్టు అవసరం లేదు. 2016లో అమెరికన్ మెరైన్ దళం తప్పు దిద్దుకుని, బ్రాడ్లీ పేరు తీసేసి, ఆరుగురిలో హెరాల్డ్ షుల్ట్జ్ పేరు చేర్చింది. 2019లో మరో పేరు మారింది, రెనే గాగ్నన్ స్థానంలోకి హెరాల్డ్ కెల్లర్ వచ్చాడు. అప్పటికి షుల్ట్జ్ చనిపోయి ఇరవై ఏళ్లు దాటింది. ఆయన యుద్ధం తర్వాత లాస్ ఏంజెలెస్‌లో తపాలా శాఖలోనే ఉద్యోగం చేశాడు. తన బొమ్మ ఉన్న బిళ్లను తెచ్చిన శాఖ అది. కోట్ల ప్రతులు అచ్చువేస్తే తేలని నిజం ప్యాంటు అంచు దగ్గర తేలింది. మన 1971 డిసెంబరు 16 నాటి ఢాకా లొంగుబాటు ఫొటో సంగతీ ఇంతే. సంతకం పెడుతున్న పాకిస్తాన్ సేనాని నియాజీని, పక్కనున్న మన సేనాని అరోరాను అందరూ గుర్తుపడతారు. వెనక నిలబడ్డవాళ్లలో నౌకాదళాధికారి ఎన్. కృష్ణన్ ఉన్నారనీ, ఆయన విశాఖపట్నం కేంద్రంగా ఉన్న తూర్పు నౌకాదళానికి అధిపతి అనీ మన తెలుగువాళ్లలోనే ఎంతమందికి తెలుసు?

దీనికి ఎదురుగా మన దగ్గరే ఇంకో ఉదాహరణ ఉంది. డెల్టాలో ఊరూరా కనబడే సైనికాధికారి బొమ్మ ఒకటుంది, ఆయన సైనికుడన్నదే మనం మరిచిపోయాం. కాటన్ దొర. ఆర్థర్ కాటన్ మద్రాసు ఇంజనీర్స్ దళం అధికారి, 1824లో మొదలైన మొదటి బర్మా యుద్ధంలో పనిచేసినవాడు. 1847లో మొదలుపెట్టి 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేయించాడు. గుర్రం మీద విగ్రహాలు పెట్టాం, ఫొటోలకు దండలు వేస్తున్నాం, ధవళేశ్వరంలో ఆయన పేర మ్యూజియం నడుస్తోంది. పోయి నూరేళ్లు దాటిన మనిషి బొమ్మ ఎందుకు ఇంకా పనిచేస్తోంది? బొమ్మ బాగున్నందుకు కాదు. కాలవకి నీళ్లు వదిలినప్పుడల్లా, ఏ లాకు దగ్గరో ఎవరో ఒకరు పేరుతో సహా పని తలుచుకుంటారు కాబట్టి. పేరూ, ఊరూ, చేసిన పనీ ఒకచోట కట్టి ఉంచితే బొమ్మ వందేళ్లయినా మాట్లాడుతుంది. అవి ఊడిపోతే అది ఎవరో టోపీ పెట్టుకున్న మనిషి, అంతే.

ఇక అభ్యంతరాలు. మన ఇళ్లలో మొట్టమొదట లేచేది ఎంగిలి మాట. ప్రాణం పెట్టిన మనిషి బొమ్మకి మూతి ఆనించి తాగడమేమిటి, తాగాక అంట్ల గిన్నెల్లో పడేయడమేమిటి, పగిలితే చెత్తబుట్టలోనా అని పెద్దవాళ్లు అంటారు. దీన్ని చాదస్తమని కొట్టిపారేయకండి. దేవుడి బొమ్మ ఉన్న పాత క్యాలెండరునే చించి పారేయడానికి చెయ్యిరాక గోదావట్లో కలిపొచ్చే ఇళ్లు మనవి. నా మటుకు నేను సిపాయిని దేవుణ్ణి చేయనక్కర్లేదంటాను. ఆయనా సత్తు మగ్గులో టీ తాగినవాడే, కప్పు మీద ఉన్నంత మాత్రాన చిన్నబుచ్చుకోడు. కానీ ఇంట్లో ఆయన భార్యో, కూతురో బతికి ఉండి, వాళ్లకి అది కష్టంగా ఉంటే అక్కడ వాదన పెట్టుకోకూడదు. వాళ్ల మాటే చెల్లాలి. అదే ఫొటోను చట్రం కట్టించండి, లేదా కప్పును తాగడానికి కాక టేబుల్ మీదికి వాడుకోండి.

రెండోది కాస్త కటువైన ప్రశ్న. ఆ రెండు ప్రపంచ యుద్ధాల్లో మనవాళ్లు పోరాడింది తెల్లవాడి కోసం కదా, వాళ్లని ఎందుకు నెత్తిన పెట్టుకోవాలి? ప్రశ్నలో న్యాయముంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి భారత సైన్యం ఇరవై అయిదు లక్షలు దాటింది. బలవంతపు భర్తీ చట్టం లేకుండానే ఇంతమంది చేరారు, అయినా అందరూ ఇష్టపడే వెళ్లారని కాదు. జీతం కోసం వెళ్లినవాడున్నాడు, అప్పు తీర్చడానికి వెళ్లినవాడున్నాడు, ఇంట్లో పోట్లాడి పారిపోయినవాడున్నాడు. ఆ కాలంలోనే సింగపూర్‌లో, మలయాలో ఆజాద్ హింద్ ఫౌజ్ వైపు తిరిగినవాళ్లూ ఉన్నారు. అందుకే నేను పేరూ వివరమూ కావాలని పట్టుపడుతున్నాను. కారణం తెలియకుండా వేసిన ఫొటో అందరినీ ఒకేగాటన వీరుల్ని చేసేస్తుంది. తెలిశాక ఎంత గౌరవించాలో, దేనికి గౌరవించాలో మీరే తేల్చుకోవచ్చు. కుటుంబం అన్నం తినాలని సముద్రం దాటిన మనిషిని తలుచుకోవడానికి బ్రిటిష్ జెండాకి వందనం చేయనక్కర్లేదు.

మూడో అభ్యంతరం సులువైనది: రెండు మూడొందల వస్తువుకి ఇంత శ్రమా? శ్రమ పెట్టమంటున్నది వస్తువు కోసం కాదు కాబట్టి దీన్ని ఇక్కడే వదిలేస్తాను.

పని ఎక్కడ మొదలుపెట్టాలి? ఫొటో వెనక్కి తిప్పడం దగ్గర. స్టూడియో ముద్ర, ఊరు, చేత్తో రాసిన నెంబరు, ఏదున్నా రాసుకోండి. తర్వాత హెంకెల్ చెప్పిన జూమ్. ఫోనులో ఫొటోను పెద్దది చేసి ఒక్కొక్క అంగుళమే చూడండి. చేతి మీద వి ఆకారపు గీతలు ఒకటైతే లాన్స్ నాయక్, రెండైతే నాయక్, మూడైతే హవల్దార్. టోపీ బిళ్ల, భుజం మీది అక్షరాలు పటాలాన్ని చెబుతాయి. పతకాలు ఎడమ ఛాతీ మీద పెట్టుకుంటారు, మీ ఫొటోలో కుడివైపున్నాయంటే ఎవరో ఎక్కడో బొమ్మను తిరగేశారని అర్థం, మగవాళ్ల చొక్కా బొత్తాల వరస చూసీ దాన్ని నిర్ధారించుకోవచ్చు. మొదటి ప్రపంచ యుద్ధపు పతకం ఇంట్లో ఉంటే దాని అంచును భూతద్దంతో చూడండి. నెంబరు, హోదా, పేరు, పటాలం చుట్టూతా చెక్కి ఉంటాయి. డిశ్చార్జి బుక్కో, పింఛను కాగితమో దొరికితే సగం పని అయినట్టే, దాంతో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లి ఏ రికార్డు ఆఫీసుకి రాయాలో అడగండి. మద్రాస్ సాపర్స్‌ది బెంగళూరు, మద్రాస్ రెజిమెంటుది నీలగిరుల్లోని వెల్లింగ్టన్. యుద్ధంలోనే చనిపోయిన మనిషైతే కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ జాబితాలో పైసా ఖర్చు లేకుండా వెతకొచ్చు. మన పేర్లను ఇంగ్లీషులో రాసుకున్న తీరు చిత్రంగా ఉంటుంది, నాలుగైదు రకాల స్పెల్లింగులు పెట్టి చూడాలి. వీటన్నిటికంటే ముందు, ఇంట్లో ఎనభై దాటినవాళ్లుంటే ఫొటో వాళ్ల చేతిలో పెట్టి మీరు మాట్లాడకుండా కూర్చోండి. ఆఫీసులు వచ్చే నెల కూడా తెరిచే ఉంటాయి.

కాగితం మీద నాలుగు వాక్యాలు పడ్డాక కప్పు సంగతి చూడండి. ఇవి వేసే పద్ధతి తెలిస్తే మోసపోరు. కప్పుకి పైన పాలిమర్ పూత ఉంటుంది. ప్రత్యేకమైన సిరాతో బొమ్మను కాగితం మీద అద్దంలో కనబడినట్టు తిరగేసి అచ్చుతీసి, కప్పుకి చుట్టి, దాదాపు 180 నుంచి 200 డిగ్రీల వేడిలో మూడు నాలుగు నిమిషాలు బిగిస్తారు. సిరా ఆవిరై పూతలోకి ఇంకుతుంది. తిరగేయడం మరిచిపోతే పతకాలు కుడివైపుకి వచ్చేస్తాయి, మీరు ఇందాక నేర్చుకున్నది ఇక్కడే అక్కరకొస్తుంది. మామూలు కప్పు మీద బొమ్మకి దొరికే చోటు సుమారు 20 సెంటీమీటర్ల పొడవు, 9 సెంటీమీటర్ల ఎత్తు. ముప్ఫైమంది ఉన్న గ్రూపు ఫొటోను అందులో ఇరికిస్తే ఒక్కో ముఖం సెంటీమీటరు కూడా రాదు, చివరి ఇద్దరూ పిడి దగ్గర మలుపులో మాయమవుతారు. కాబట్టి ఒక్క మనిషినే తీసుకోండి, నడుము పైభాగం చాలు. రెండోవైపు పేరు, హోదా, పటాలం, ఊరు, సంవత్సరాలు వేయించండి. ఫొటోను వాట్సాప్‌లో బొమ్మగా పంపితే నలిగిపోతుంది, డాక్యుమెంటుగా పంపండి. నలుపు తెలుపుల ఫొటో రంగు సిరాలతో అచ్చయినప్పుడు పచ్చగానో ఎర్రగానో తిరుగుతుంది, ముందు చిన్న ముక్క అచ్చు వేసి చూపించమనండి. ముఖాన్ని స్పష్టం చేస్తాం, రంగులద్దుతాం అనే యాప్‌ల జోలికి మాత్రం పోవద్దు. అవి లేని కళ్లను ఊహించి గీస్తాయి, బర్మా అడవుల్లోని ఆకుపచ్చ యూనిఫాంని ఖాకీ చేసేస్తాయి. ఇన్నాళ్లు వెతికి పట్టుకున్న మనిషి బదులు ఆయన్ను పోలిన ఇంకెవరో కప్పు మీద కూర్చుంటారు. జాతీయ జెండా ఉన్న ఫొటో అయితే జెండా లేని భాగం తీసుకోవడం మేలు. రుమాళ్ల మీదా దిండ్ల మీదా జెండా అచ్చువేయకూడదని 2002 పతాక నియమావళి చెబుతోంది, కప్పు పేరు అందులో లేదు కదా అని వాదనకి దిగడం ఎందుకు? నాలుగు సింహాల చిహ్నం వాడకాన్నైతే 2005లో చట్టమే కట్టడి చేసింది.

ఎంత వెతికినా పేరు దొరకని ఫొటోలూ ఉంటాయి. అప్పుడు ఊహించి రాయకండి. ఇవో జిమాలో అలా ఊహించిన పేర్లే డెబ్బై ఏళ్లు నిలబడిపోయాయి. తెలిసినంతే వేయించండి: 'వెనక వరస, ఎడమ నుంచి మూడో మనిషి, నాయక్, మద్రాస్ సాపర్స్, పేరు తెలియదు'. చుట్టాలింట్లో ఎవరైనా ఆ ముక్క చదివి, ఈయన మా పెదతాతలా ఉన్నాడే అనొచ్చు. కిందివైపు ఒక వరస ఖాళీగా వదలమనండి. పేరు తెలిసిన రోజున ఇంకో కప్పు వేయించుకోవచ్చు, పాతదాంట్లో పెన్నులు పెట్టుకోండి.